"నాకేం లేదు" అనే అత్తయ్యతో సర్వే లెక్క కుదురుతుందా?

ప్రశ్న: మా అత్తయ్యకు 68 ఏళ్లు. మోకాళ్ల నొప్పులతో గోడ పట్టుకుని లేస్తుంది. ఆశా వర్కర్ వచ్చి అడిగితే మాత్రం "నాకేం లేదమ్మా, బాగానే ఉన్నా" అంటుంది. దేశంలో 60 దాటినవాళ్లలో నూటికి 75 మందికి ఏదో ఒక దీర్ఘకాలిక జబ్బు ఉందని ఒక సర్వేలో తేలిందట. ఇలాంటి జవాబులతో వేసిన లెక్కను నమ్మేదెలా?
- ఒక పాఠకురాలు, గుడివాడ

జవాబు: మంచి అనుమానమే వచ్చిందమ్మా. ఏఎన్‌ఎంగా, తర్వాత సూపర్‌వైజర్‌గా ఊళ్లు తిరిగినదాన్ని. "నాకేం లేదు" అన్న మాట ఎన్ని గుమ్మాల్లో విన్నానో! చాలామంది పెద్దవాళ్లు ఒంట్లో బాగుండి కాదు, మందుల ఖర్చు కొడుకు మీద పడుతుందని అలా అంటారు. ఆ మాట వింటే ఇప్పటికీ నాకు మనసు చివుక్కుమంటుంది.

మీరు చదివింది లాసీ సర్వే గురించి, అంటే మన దేశంలో వయసు పైబడుతున్నవాళ్ల స్థితిగతుల మీద చేసిన సర్వే. ముంబైలోని అంతర్జాతీయ జనాభా అధ్యయన సంస్థ, అమెరికాలోని హార్వర్డ్, దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయాలతో కలిసి 2017-18లో చేసింది. 45 ఏళ్లు దాటినవాళ్లనూ వాళ్ల జీవిత భాగస్వాములనూ కలిపి 72 వేల మందికి పైగా కలిశారు. నివేదిక 2021 జనవరిలో వచ్చింది.

అందులో నాకు నచ్చింది ఏమిటంటే, నోటిమాటతో వదిలిపెట్టలేదు. "మీకు బీపీ ఉందని డాక్టరు చెప్పారా?" అని అడిగి, ఆ తర్వాత బీపీ చూశారు. చేతి పట్టు ఎంత ఉందో, చూపు ఎలా ఉందో, ఊపిరి ఎంత బలంగా ఊదగలరో పరీక్షించారు. పది మాటలు చదివి వినిపించి, కాసేపయ్యాక ఎన్ని గుర్తున్నాయో అడిగారు. డాక్టరు చెప్పలేదన్న మనిషికి మిషన్‌లో బీపీ ఎక్కువ చూపిస్తే, జబ్బు ఉండి కూడా తెలియనివాళ్లు ఎందరో అక్కడ బయటపడుతుంది. నా దృష్టిలో ఆ తేడాయే అసలు సమాచారం. అందుకే జబ్బులు ఎక్కువ నమోదైన రాష్ట్రం జబ్బుపడ్డ రాష్ట్రమని అనుకోకూడదు. కేరళలో ఆ సంఖ్య పెద్దదిగా కనిపించడానికి అక్కడ ఆయుష్షు ఎక్కువ కావడం ఒక కారణం, పరీక్షలు చేయించుకునేవాళ్లు ఎక్కువ కావడం ఇంకొకటి.

అడిగే తీరు కూడా ముఖ్యం. "ఆరోగ్యం ఎలా ఉంది?" అంటే "బాగుంది" అనే వస్తుంది. ఆ సర్వేలో మంచం మీంచి లేవగలరా, స్నానం సొంతంగా చేస్తారా, మరుగుదొడ్డికి వెళ్లడం కష్టమా అని విడివిడిగా అడిగారు. మీరూ అత్తయ్యను అలాగే అడిగి చూడండి, నిమ్మళంగా, మీ ఆయన దగ్గర లేనప్పుడు.

సబ్‌సెంటర్‌లో బీపీ, షుగర్ డబ్బు తీసుకోకుండా చూస్తారు, ఆ మాట ఆవిడ చెవిన వేయండి. ఈసారి ఆశా వర్కర్ వచ్చినప్పుడు పక్కనే కూర్చోండి. అత్తయ్య బదులు మీరు జవాబు చెప్పొద్దు. కానీ గోడ పట్టుకుని లేస్తున్న సంగతి మాత్రం ఆవిడ ఎదుటే చెప్పి, రాయించండి.