బడికి పోయేటప్పుడు నీ పనిముట్టు తీసుకుపో

అనంతపురం

నాయనా,

మీ ఊరి హైస్కూలు హెడ్మాస్టరు గారు నిన్ను పిలిచి, ఫ్యాక్టరీ ఉద్యోగం గురించి పిల్లలకు చెప్పమన్నారని విన్నప్పటి నుంచీ ఎంత సంతోషంగా ఉందో. "ఏం మాట్లాడాలో తెలీక టెన్షన్‌గా ఉంది పెద్దమ్మా" అన్నావు. ఫోన్లో చెబితే సగం మర్చిపోతావని రాస్తున్నాను.

నేను నర్సుగా చేస్తూ మొదటిసారి ఒక బడికి పోయినప్పుడు నాలుగు పేజీలు రాసుకుని పోయాను. సేవ, క్రమశిక్షణ, లక్ష్యం అంటూ ముప్పావు గంట చదివాను. చప్పట్లు కొట్టారు. ఏమైనా అడగండమ్మా అంటే ఒక్క చెయ్యి లేవలేదు. బయట కొళాయి దగ్గర చేతులు కడుక్కుంటుంటే ఒక పిల్ల మెల్లగా వచ్చి, "మేడం, నెత్తురు చూస్తే మీకు కళ్లు తిరగవా?" అని అడిగింది. ఆ సంగతి నా పేజీల్లో ఎక్కడా లేదు. మొదటి ఏడాది ఆపరేషన్ థియేటర్లో గోడ పట్టుకుని కూలబడ్డానని, అలవాటు కావడానికి ఆర్నెల్లు పట్టిందని ఉన్నదున్నట్టు చెప్పాను.

ఆ తర్వాతి బడికి కాగితాలు మానేసి బీపీ మిషను పట్టుకుపోయాను. ఒక పిల్ల జబ్బకు పట్టీ చుట్టి, ఇంకో పిల్లకు స్టెతస్కోపు పెట్టి, గాలి కొట్టే రబ్బరు బుడ్డి చేతికిచ్చాను. గాలి వదిలేకొద్దీ పాదరసం దిగుతోంది. 110 దగ్గర ఆ పిల్ల కళ్లు పెద్దవి చేసి, "కొట్టుకుంటోంది మేడం!" అని అరిచింది. 70 దగ్గర చప్పుడు ఆగిపోయింది. ఇంక చూడు, క్లాసంతా వరస కట్టింది. ప్రశ్నలు వాటంతటవే వచ్చాయి.

నువ్వు సన్నటి వస్తువుల మందం కొలిచే మైక్రోమీటరు తీసుకుపో. ఒక్కొక్కరి తలవెంట్రుకను వాళ్ల చేతనే కొలిపించు. మిల్లీమీటరులో పదో వంతు లోపే ఉంటుంది. అంత తేడా వచ్చినా పార్టు పక్కన పెట్టేస్తామని నాకు చెప్పావే, అది అప్పుడు చెప్పు.

దారి మాత్రం లెక్కలతో సహా చెప్పాలి. పది తర్వాత ఇంటర్ తప్ప ఇంకోటి ఉందని చాలా ఇళ్లలో తెలీదు. పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష పాలిసెట్ రాసి 3 ఏళ్ల డిప్లొమా చేశావని, డిప్లొమా వాళ్లకు పెట్టే ఈసెట్ పరీక్షతో నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరావని బోర్డు మీద రాసి చూపించు. ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలో పదో తరగతి మార్కులతోనే 6 ఏళ్ల చదువుకు సీటిస్తారని చెప్పు. ఇంటర్ తర్వాత నర్సింగు ఉందని నా తరఫున చెప్పు: జీఎన్ఎం అనే డిప్లొమా 3 ఏళ్లు, బీఎస్సీ నర్సింగు డిగ్రీ 4 ఏళ్లు. హాస్టలుకు, పుస్తకాలకు నీకెంత అయిందో చెప్పు. జీతం అడిగితే దాచొద్దు. శెనక్కాయ పంట ఎండి అమ్మానాన్నలు బెంగళూరు పనికి పోయిన ఇళ్ల పిల్లలు కూడా అక్కడ కూర్చుని ఉంటారు, డబ్బు సంగతే వాళ్లకు ముందు.

"కష్టపడితే ఏదైనా సాధించొచ్చు" అనే మాట మాత్రం అనొద్దు నాయనా. వాళ్లమ్మ కంటే ఎక్కువ కష్టపడే మనిషిని ఆ పిల్లలు చూసుండరు. మొదటి ఏడాది నీకు లెక్కలు పోయిన సంగతి, రాత్రిళ్లు కూర్చోబెట్టి నేర్పిన సీనియర్ సంగతి చెప్పు.

పదో తరగతికే పరిమితం కావద్దు. సంక్రాంతి దాటితే వాళ్లు మార్చి పరీక్షల హడావుడిలో ఉంటారు. ఎనిమిది, తొమ్మిది క్లాసులు ఇప్పించమని సారును అడుగు. మీ లైన్లో పనిచేసే ఆడపిల్లల్లో ఒకరిని వెంట తీసుకుపోతే మరీ మంచిది. ఆడపిల్లలు నిన్ను అడగలేనివి ఆ అమ్మాయిని అడుగుతారు. అందరి ముందూ "పెద్దయ్యాక ఏమవుతావు?" అని ఎవరినీ లేపొద్దు, గంట కొట్టాక కాసేపు వరండాలో నిలబడు చాలు.

మైక్రోమీటరు ఫ్యాక్టరీది బయటికి తేవొద్దు, గేటు దగ్గర మాట వస్తుంది. నువ్వు చదివిన పాలిటెక్నిక్‌లో ఒకరోజుకు అడిగి చూడు. రెండు నెలల తర్వాత మళ్లీ ఎప్పుడొస్తావో ఆ రోజే తేదీ చెప్పి రా, చెప్పిన తేదీకి పో.

నీ పెద్దమ్మ