భార్య మీద పోలీసు కేసు పెట్టవచ్చా? బాబుకు డీఎన్ఏ పరీక్ష అడగవచ్చా?

ప్రశ్న: మాకు పెళ్లయి తొమ్మిదేళ్లు. ఏడేళ్ల బాబు ఉన్నాడు. నా భార్యకు సహోద్యోగితో సంబంధం ఉన్నట్టు ఆర్నెల్ల క్రితం వాట్సాప్ మెసేజ్‌ల ద్వారా తెలిసింది. స్క్రీన్‌షాట్లు తీసుకున్నాను. నిలదీస్తే ఒప్పుకుంది, ఆ మాటలు రికార్డు చేశాను. వాళ్లిద్దరి మీద కేసు పెట్టవచ్చా? బాబుకు డీఎన్ఏ పరీక్ష చేయించమని మా అన్నయ్య అంటున్నాడు. విడాకులైతే మనోవర్తి ఇవ్వాలా? – ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: పోలీసు కేసు కుదరదు. వ్యభిచారాన్ని నేరంగా చూసిన ఐపీసీ సెక్షన్ 497ను సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 27న కొట్టేసింది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో అలాంటి సెక్షనే లేదు. స్టేషన్లో పంచాయితీ పెట్టిస్తామని ఎవరన్నా నమ్మకండి.

మీకున్న దారి ఫ్యామిలీ కోర్టు. హిందూ వివాహ చట్టం సెక్షన్ 13(1)(i) కింద, పెళ్లయ్యాక ఒక్కసారి పరాయి వ్యక్తితో శారీరక సంబంధం పెట్టుకున్నా విడాకులు కోరవచ్చు. పిటిషన్లో ఆ సహోద్యోగిని కూడా ప్రతివాదిగా చేర్చండి.

నన్ను ఆలోచింపజేస్తున్నది ఆ ఆర్నెల్లు. తెలిసిన తర్వాత కూడా మీరు మామూలుగా కాపురం చేసి ఉంటే, క్షమించేశారని అవతలి లాయరు వాదిస్తారు. అదే చట్టంలోని సెక్షన్ 23 ప్రకారం క్షమించిన తప్పు మీద విడాకులు రావు. బాబు కోసం ఒకే ఇంట్లో వేరువేరు గదుల్లో ఉన్నారా? ఆ మాట పిటిషన్లో రాయండి. క్షమించాక ఆమె మళ్లీ ఆ సంబంధం కొనసాగించి ఉంటే, అదెప్పుడు తెలిసిందో తేదీలతో సహా రాయండి.

భార్యాభర్తల మధ్య మాటలను రహస్యంగా రికార్డు చేసినా వైవాహిక కేసుల్లో సాక్ష్యంగా తీసుకోవచ్చని 2025 జులై 14న సుప్రీంకోర్టు చెప్పింది. మీ రికార్డింగు పనికొస్తుంది. అంతమాత్రాన ఆమె ఫోన్లో దొంగచాటుగా యాప్ వేసి, వేరేవాళ్లతో ఆమె మాట్లాడేవి వినకండి. అది ఐటీ చట్టం కింద నేరమై, కేసు మీ మెడకే చుట్టుకుంటుంది.

రికార్డింగు ఉన్న ఫోన్‌ను ఫార్మాట్ చేయవద్దు, మార్చవద్దు, అమ్మవద్దు. సీడీ లేదా పెన్‌డ్రైవ్‌లో కాపీ ఇచ్చేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63(4) సర్టిఫికెట్ జతచేయాలి. అందులో పార్ట్ ఎ మీరు, పార్ట్ బి నిపుణుడు సంతకం చేయాలి, ఫైలు హాష్ విలువ (ఫైలును మార్చలేదని చూపే కోడ్) రాయాలి. కత్తిరించిన స్క్రీన్‌షాట్ ఒక్కటే ఇస్తే, కల్పించిందని తేలిగ్గా తోసేస్తారు.

డీఎన్ఏ ఊసెత్తకండి. అన్నయ్య సలహా మీకు చేటే చేస్తుంది. కాపురం సాగుతుండగా పుట్టిన బిడ్డను భర్త బిడ్డగానే చట్టం భావిస్తుంది (సాక్ష్య అధినియమ్ సెక్షన్ 116). ఆ కాలంలో భార్యాభర్తలు కలిసే అవకాశమే లేదని చూపితే తప్ప అది చెదరదు. భార్య వ్యభిచారం నిరూపించడానికి బిడ్డకు డీఎన్ఏ పరీక్ష మామూలుగా ఆదేశించరాదని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది. మీకు దొరికిన మెసేజ్‌లు ఆర్నెల్ల నాటివి, బాబుకు ఏడేళ్లు. వాటికి, వాడి పుట్టుకకు ఏం సంబంధం? భార్య శీలంపై నిరాధార ఆరోపణలు మానసిక క్రూరత్వమని 2003లోనే సుప్రీంకోర్టు తీర్పుంది. పిటిషన్లో అలాంటి ఒక్క పేరా రాసినా ఆమెకే విడాకుల కారణం చేజేతులా ఇచ్చినట్టవుతుంది. ఏడేళ్ల పిల్లవాడు ఈ గొడవలో నలగకూడదు.

మనోవర్తి విషయం. బీఎన్ఎస్ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) సెక్షన్ 144(4) ప్రకారం వ్యభిచార జీవితం గడుపుతున్న భార్యకు మనోవర్తి రాదు. కానీ అది కొనసాగుతోందని చూపాలి, ఎప్పుడో జరిగిన ఒక్క పొరపాటు చాలదు. కేసు తేలేలోపు మధ్యంతర మనోవర్తి ఇవ్వాల్సి రావచ్చు. ఆమెకు జీతం ఉంది కాబట్టి, ఇద్దరూ దాఖలు చేసే ఆస్తులు, అప్పుల అఫిడవిట్‌లో ఆమె పే స్లిప్పులు పెట్టాలని పట్టుబట్టండి. బాబు ఖర్చు మాత్రం దీనితో ముడిపడదు, మీ వాటా మీరు ఇవ్వాల్సిందే.

ఆమె విడిపోవడానికి ఒప్పుకుంటే హిందూ వివాహ చట్టం సెక్షన్ 13బి కింద పరస్పర అంగీకార విడాకులే మేలని నా అభిప్రాయం. ఏడాదిగా విడిగా ఉండాలి. రెండో మోషన్‌కు (విడాకులు ఖరారు చేయమని ఇద్దరూ రెండోసారి కోర్టును కోరడం) ముందు ఆరు నెలల గడువును తగిన కేసుల్లో కోర్టు మాఫీ చేయవచ్చు. ఒప్పందంలో బాబు ఎవరి దగ్గర ఉండాలి, సెలవుల్లో ఎన్ని రోజులు మీ దగ్గరికి రావాలి, స్కూలు ఫీజు ఎవరు కట్టాలి, అన్నీ రాయించుకున్నాకే సంతకం పెట్టండి.