రాత్రి ఫొటోల్లో గులాబీ నీడలు: ఇంకో కాన్ఫిగ్ వెతకకండి

ఎల్‌ఎంసీ 8.4 (గూగుల్ కెమెరాను వేరే ఫోన్లలో పనిచేసేలా మార్చిన యాప్) వేసుకుని, ఎవరో వీడియోలో ఇచ్చిన కాన్ఫిగ్ (సెట్టింగ్‌లు ఉండే ఫైలు) లోడ్ చేశారు, పగటి ఫొటోలు బాగున్నాయి, రాత్రి తీస్తే నీడలన్నీ గులాబీ రంగులో చుక్కలు చుక్కలుగా వస్తున్నాయి, ఇంతకంటే మంచి కాన్ఫిగ్ ఏదైనా ఉందా అని కదా మీ ప్రశ్న. ఇంకోటి వద్దు. ముందు ఉన్నది తీసేసి, యాప్ డేటా క్లియర్ చేసి, ఏ కాన్ఫిగ్ లేకుండా అదే చోట ఒక ఫొటో తీసి చూడండి.

ఫోన్లు మారినా కొన్నేళ్లుగా నేను జీక్యామ్ మోడ్‌లే, అంటే ఇలా మార్చిన గూగుల్ కెమెరా యాప్‌లే, వాడుతున్నాను. రాత్రి రంగు తేడా వస్తే నేను మొదట చూసేది బ్లాక్ లెవెల్. వెలుతురు అస్సలు లేకపోయినా కెమెరా సెన్సర్ సున్నా ఇవ్వదు, ఏదో ఒక అంకె ఇస్తుంది (10 బిట్ సెన్సర్లలో చాలావాటికి అది 64), యాప్ దాన్ని తీసేశాకే రంగులు లెక్కగడుతుంది. తీసేయాల్సినదానికంటే తక్కువ తీస్తే ఆ మిగిలినదాన్ని వైట్ బ్యాలెన్స్ (తెల్లటివి తెల్లగా కనిపించేలా రంగులు సరిచేసే లెక్క) ఎరుపు, నీలాల్లో ఎక్కువగా పెంచేస్తుంది, అందుకే గులాబీ. ఎక్కువ తీసేస్తే నీడలు ఆకుపచ్చగా మారతాయి. కాబట్టి యాప్ తీసేసే ఆ అంకెను మీరు కొంచెం కొంచెంగా పెంచుకుంటూ వెళ్లాలి, పచ్చదనం మొదలవగానే ఒక అడుగు వెనక్కి.

తర్వాత నాయిస్ మోడల్, అంటే మీ సెన్సర్‌లో నాయిస్ (ఫొటోలో చుక్కలు) ఎంత ఉంటుందో యాప్‌కి చెప్పే లెక్క. దీన్ని చాలామంది నునుపు పెంచే బటన్ అనుకుంటారు, కాదు. హెచ్‌డీఆర్ ప్లస్ (గూగుల్ కెమెరా ఫొటో తీసే పద్ధతి) వరసగా కొన్ని ఫ్రేమ్‌లు తీసి ఒకదానిమీద ఒకటి కలుపుతుంది కదా, రెండు ఫ్రేమ్‌ల మధ్య కనిపించే తేడా నాయిసా, లేక నిజంగానే ఏదైనా కదిలిందా అని తేల్చుకునేది ఈ మోడల్‌తోనే. మీ సెన్సర్‌లో ఉండే నాయిస్ కంటే తక్కువ చెప్పే మోడల్ పెడితే నాయిస్‌ని కూడా కదలికే అనుకుని కలపడం మానేస్తుంది, చుక్కలు అలాగే ఉండిపోతాయి. మరీ ఎక్కువ చెప్పేది పెడితే నడిచే మనిషి చుట్టూ నీడలాంటి మరకలు వస్తాయి. నాయిస్ మోడల్‌ల లిస్టులో మీ సెన్సర్ పేరు, అంటే ఐఎంఎక్స్ 766 లాంటిది, ఉంటే అదే ఎంచుకోండి. ఫోన్ మోడల్ కాదు, సెన్సర్ ముఖ్యం. వీడియో చేసినాయన ఫోన్‌లో ఉన్న సెన్సర్ మీ ఫోన్‌లో లేకపోతే ఆ ఫైలు మీకు దండగే, థంబ్‌నెయిల్ మీద డీఎస్ఎల్ఆర్‌ని మించిందని రాసినా సరే.

షార్ప్‌నెస్, శాచురేషన్ చివర్లో, అదీ కొద్దిగా. నాకైతే డిఫాల్టే బాగుంటుంది.

ఒక్కసారికి ఒక్క సెట్టింగే మార్చండి, ఫోన్‌ని స్టాండ్ మీద పెట్టి అదే మసక గదిలో అదే వస్తువు తీయండి, లేకపోతే ఏది మార్చితే ఏం మారిందో తెలీక టెన్షనే మిగులుతుంది. కుదిరాక కాన్ఫిగ్‌ని మీ సొంత పేరుతో సేవ్ చేసుకోండి. ఫైలు ఇంటర్నల్ స్టోరేజ్‌లో ఎల్‌ఎంసీ 8.4 ఫోల్డర్‌లో ఉంటుంది, షట్టర్ బటన్ పక్కన నల్లటి ఖాళీలో రెండుసార్లు తడితే మళ్లీ లోడ్ అవుతుంది. అల్ట్రావైడ్ కెమెరాకి మాత్రం ఇదంతా విడిగా చేయాలి, దాని సెన్సర్ వేరు.