సార్థక సంఖ్యలా, సార్థక అంకెలా?

సందేహం: ఇంటర్ చదివే మా అమ్మాయి భౌతికశాస్త్రం నోట్సులో ‘సార్థక సంఖ్యలు’ అని ఉంది. వాళ్ల మాస్టారు ‘సార్థక అంకెలు’ అంటారట. ఏది సరి? ‘సార్థకాంకెలు’ అని కలిపి రాయవచ్చా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

సమాధానం: నా మొగ్గు మాస్టారి వైపేనమ్మా. 8.00 ఒకే సంఖ్య, అందులో అంకెలు మూడు. కొలతలో ఎంతవరకు కచ్చితంగా కొలిచామో చెప్పే అంకెలే (significant figures) ఈ సార్థకాలు. మనం లెక్కపెట్టేది ఆ మూడింటినే.

‘అంకె’కు మూలం సంస్కృతంలోని ‘అంక’. ‘అకి లక్షణే’ అంటుంది ధాతుపాఠం (సంస్కృత క్రియామూలాల పట్టిక), అంటే గుర్తు వేయడం. కుందేలు గుర్తున్న చంద్రుడు శశాంకుడయ్యాడు. సంస్కృత వ్యాకరణకర్త పాణిని సూత్రం ఒకటి ‘కర్ణే లక్షణస్య’ అని మొదలవుతుంది. ‘కర్ణ’ శబ్దం ముందు గుర్తు పేరు చివరి అచ్చుకు దీర్ఘం వస్తుందని దాని భావం. అక్కడా అదే ‘లక్షణ’ శబ్దం! పశువు ఎవరిదో తెలియడానికి దాని చెవిమీద కొడవలి ఆకారం వంటిది వేసే గుర్తు అని ఆ సూత్రాలకు వ్యాఖ్య అయిన కాశికావృత్తి వివరణ. దీర్ఘం రాని గుర్తుల పట్టీలో మణి, స్వస్తికాలతో పాటు ఐదునూ ఎనిమిదినీ చేర్చాడు పాణిని. ఎనిమిది గుర్తున్న పశువు అష్టకర్ణం. మంద ఎంత పెద్దదైనా చెవి చూస్తే చాలు, ఆసామి ఎవరో తెలిసిపోతుంది. అంకె అలా సాక్ష్యం చెప్పే గుర్తు. ‘అంక’కున్న ఒడి, నాటకంలో భాగం అనే అర్థాలతో ఇక్కడ పనిలేదు.

కంసాలి త్రాసు 8.00 గ్రాములు చూపితే ఆ రెండు సున్నలూ సాక్షులే. గ్రాములో నూరోవంతు దాకా తూచినట్టు చెబుతున్నాయి. ఆ తూకాన్నే 0.00800 కిలో అని రాస్తే, ముందున్న సున్నలు స్థానం చూపడానికి వచ్చినవి, అప్పుడూ సార్థకాలు మూడే. 2500లో చివరి సున్నల సంగతి రాసినవారే తేల్చాలి. 2.50 × 10³ అని రాస్తే మూడని తెలుస్తుంది.

అంకెకూ సంఖ్యకూ ఉన్న తేడా పట్టించుకోకనే 3.14ను ‘మూడు పాయింట్ పద్నాలుగు’ అని చదివేస్తున్నారు. పద్నాలుగు సంఖ్య. చుక్క తరవాతివి అంకెలు, ‘ఒకటి నాలుగు’ అని విడివిడిగా పలకాలి. ‘పాయింట్ పది’, ‘పాయింట్ తొమ్మిది’ అని విని, 1.9 కంటే 1.10 పెద్దదనుకుంటే ఆ తప్పు పిల్లలదా?

ఇక సంధి. ‘అంకె’ తెలుగైపోయిన మాట, దానితో సవర్ణదీర్ఘం పొసగదు. విడిగా ‘సార్థక అంకెలు’ అనండి, కలపాలనుంటే ‘సార్థకాంకాలు’. ‘సార్థక సంఖ్యలు’ చదువుల్లో పాతుకుపోయింది కనుక, పరీక్షలో అలా రాసిన పిల్లకు మార్కు తగ్గించమని మాత్రం నేననను.