పండగ తర్వాత షుగర్, బరువు మళ్లీ పెరిగాయి.. రాత్రి భోజనం మానేస్తే సరిపోతుందా?

ప్రశ్న: నా వయసు 47 ఏళ్లు, ఎత్తు 157 సెంటీమీటర్లు. ఆరేళ్లుగా షుగర్ ఉంది. ఉదయం, రాత్రి భోజనానికి ముందు గ్లిమిపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిసిన మాత్ర వేసుకుంటాను. అన్నం తగ్గించి, రోజూ నడుస్తూ ఐదు నెలల్లో 78 కిలోల నుంచి 71.5 కిలోలకు వచ్చాను. హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ తెలిపే పరీక్ష) 8.6 నుంచి 7.1కి తగ్గింది. సంక్రాంతికి సకినాలు, అరిసెలు, ఆ వెంటనే మేనకోడలి పెళ్లి. ఐదు వారాల్లో 74 కిలోలయ్యాను. పరగడుపున 118 ఉండే షుగర్ 171 వచ్చింది. అది చూసి భయపడి పరీక్ష చేసుకోవడమే మానేశాను. తిన్నదానికి సరిపెట్టాలని పది రోజులుగా రాత్రి భోజనం మానేస్తున్నాను కానీ 11 గంటల ప్రాంతంలో చెమటలు పట్టి, చేతులు వణికి, ఆకలి ఆపుకోలేక ఏది దొరికితే అది తినేస్తున్నాను. నాకు నిగ్రహం లేదని ఇంట్లోవాళ్లు అంటున్నారు. పడిన కష్టమంతా వృథా అయినట్టేనా? మళ్లీ మొదలుపెట్టే దారి చెప్పగలరు.
- ఒక పాఠకురాలు, కరీంనగర్

సమాధానం: మీ లేఖలో అన్నిటికన్నా ముందు పట్టించుకోవలసింది పెరిగిన రెండున్నర కిలోలనూ కాదు, 171 అన్న అంకెనూ కాదు, రాత్రి 11 గంటలకు పడుతున్న చెమటలను, చేతుల వణుకును. భోజనం మానేసి మాత్ర మాత్రం యథావిధిగా వేసుకుంటున్నట్లయితే, ఆ సమయంలో మీ రక్తంలో చక్కెర బాగా పడిపోతోందని నా గట్టి అనుమానం. గ్లిమిపిరైడ్ క్లోమ గ్రంథి చేత ఇన్సులిన్‌ను విడుదల చేయించే మందు. మీరు భోజనం చేసినా చేయకపోయినా ఆ ఇన్సులిన్ తన పని తాను చేసుకుపోతుంది. చక్కెర డెసిలీటరుకు 70 మిల్లీగ్రాముల కంటే దిగువకు వచ్చినప్పుడు శరీరం దాన్ని ప్రాణాపాయంగానే భావించి అడ్రినలిన్ వంటి హార్మోన్లను వదులుతుంది. గుండె దడ, చెమట, వణుకు, పట్టరాని ఆకలి, ఇవన్నీ వాటి ప్రభావమే. అటువంటి ఆకలికి లొంగి తినడాన్ని నిగ్రహం లేకపోవడం అనకూడదు. ఈ మాట మీ ఇంట్లోవాళ్లకు కూడా చదివి వినిపించండి. అలా అర్ధరాత్రి కంగారులో తిన్న తీపి మర్నాడు పరగడుపు అంకెను పెంచుతుంది. ఆ అంకెకు భయపడి మీరు మళ్లీ భోజనం మానేస్తారు. మీరు శిక్షగా వేసుకున్న ఉపవాసమే మీ షుగర్‌ను అదుపు తప్పిస్తోంది.

అందుకని ఈ రాత్రి నుంచే మీరు ఎప్పుడూ తినే వేళకు భోజనం చేయండి. ఒకటి రెండు రోజుల్లో మీ వైద్యుణ్ని కలిసి, ఈ వణుకు సంగతి దాచకుండా చెప్పండి. మీ మాత్ర మోతాదు మీరు 78 కిలోలు ఉన్నప్పుడు నిర్ణయించినదై ఉండవచ్చు. బరువు తగ్గి, అన్నం తగ్గించి, నడక అలవాటు చేసుకున్న మనిషికి చాలాసార్లు గ్లిమిపిరైడ్ తక్కువ సరిపోతుంది, కొందరికి అసలు అవసరమే ఉండదు. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవారిలో చక్కెర ఇలా పడిపోవడం అరుదు. మీది రెండు మందులూ కలిసిన మాత్ర కాబట్టి దాన్ని విరిచో, ఒక పూట మానేసో మీ అంతట మీరు సరిచేసుకోవడం కుదరదు. వైద్యులు మందు మార్చి రాయాలి. ఏ కారణం వల్లనైనా ఒక పూట తినలేకపోతే ఆ పూట మాత్ర సంగతి ఏం చేయాలో కూడా ఇప్పుడే అడిగి కాగితం మీద రాయించుకోండి. ఎందుకంటే మన ఇళ్లలో వ్రతాలు, శనివారాలు, ఏకాదశులు వస్తూనే ఉంటాయి.

ఈలోగా మళ్లీ చెమట, వణుకు వస్తే వెంటనే మెషీన్‌తో పరీక్షించండి. 70 కంటే తక్కువ ఉంటే, లేదా పరీక్షించే వీలు లేకపోతే, మూడు నాలుగు చెంచాల పంచదార గాని గ్లూకోజ్ పొడి గాని నీళ్లలో కలిపి తాగి, పావుగంట ఆగి మళ్లీ చూసుకోండి. ఇంకా తక్కువే ఉంటే మరోసారి అదే చేయాలి. ఆ సమయంలో లడ్డూ, అరిసె, చాక్లెట్ తినడం మంచిది కాదు. వాటిలోని కొవ్వు వల్ల చక్కెర రక్తంలోకి ఆలస్యంగా చేరుతుంది, ఈలోగా కంగారుతో నాలుగు తినేస్తాం. చక్కెర నిలదొక్కుకున్నాక కాస్త అన్నం, పప్పు తినండి. మనిషి స్పృహలో లేకపోతే మాత్రం నోట్లో ఏమీ పోయకుండా ఆస్పత్రికి తీసుకెళ్లాలని ఇంట్లో అందరికీ చెప్పి ఉంచండి. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వంటి షుగర్ మందులు వాడే పాఠకులకూ ఇక్కడే ఒక హెచ్చరిక: ఆ మందుల మీద ఉండి రోజుల తరబడి ఉపవాసాలు చేస్తే రక్తంలో ఆమ్లాలు పేరుకుపోయే కీటోయాసిడోసిస్ అనే ప్రమాదకర స్థితి ఏర్పడవచ్చు, అప్పుడు షుగర్ అంకె మరీ ఎక్కువగా లేకుండా కూడా పరిస్థితి విషమించవచ్చు.

ఇక మీ కష్టం వృథా అయిందా అన్న ప్రశ్న. కాలేదు, దీన్ని అంకెలతోనే చూద్దాం. మీరు 78 నుంచి మొదలుపెట్టారు, ఇప్పుడు 74 దగ్గర ఉన్నారు. అంటే మొదటి బరువులో ఐదు శాతం ఇంకా తగ్గే ఉన్నారు. మధుమేహం ఉన్నవారిలో ఐదు శాతం బరువు తగ్గినా షుగర్, రక్తపోటు, ట్రైగ్లిజరైడ్లు (రక్తంలోని ఒక రకం కొవ్వు) మెరుగుపడతాయి. పైగా పెరిగిన రెండున్నర కిలోలూ కొవ్వే అనుకోకండి. ఒక కిలో కొవ్వు చేరాలంటే శరీరానికి అవసరమైనదానికన్నా సుమారు 7,700 కిలో క్యాలరీలు ఎక్కువగా తినాలి. బియ్యప్పిండి వంటలు, తీపి ఎక్కువైనప్పుడు కాలేయంలో, కండరాల్లో గ్లైకోజెన్ (శరీరం దాచుకునే చక్కెర) నిల్వ పెరుగుతుంది, ప్రతి గ్రాము గ్లైకోజెన్ తనతో సుమారు మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. పెళ్లి భోజనం చేసిన మర్నాడు తూకంలో కిలోన్నర ఎక్కువ కనిపించడానికి కారణం ఎక్కువగా ఈ నీరే. మామూలు భోజనానికి తిరిగి వచ్చిన వారం పది రోజుల్లో ఇందులో కొంత దానంతట అదే దిగిపోతుంది. ఆ తర్వాత మిగిలినదే మీరు నిజంగా తగ్గించుకోవలసిన బరువు. హెచ్‌బీఏ1సీ కూడా రెండు మూడు నెలల సగటు కాబట్టి, రెండు రోజుల పండగతో అది చెడిపోదు. చెడగొట్టేది పండగ తర్వాతి వారాలే.

తగ్గిన బరువు మళ్లీ పెరగడానికి పూనుకోవడం శరీర స్వభావం. బరువు తగ్గినప్పుడు తృప్తిని తెలిపే లెప్టిన్ తగ్గి, ఆకలి పుట్టించే గ్రెలిన్ పెరుగుతుంది. ఆస్ట్రేలియాలోని మెల్బోర్న్‌లో చేసి 2011లో ప్రచురించిన పరిశోధనలో, బరువు తగ్గిన ఏడాది తర్వాత కూడా ఈ మార్పులు సర్దుకోలేదని తేలింది. కాబట్టి ఆరున్నర కిలోలు తగ్గిన మీకు పళ్లెం ముందు కూర్చున్నప్పుడు వేసే ఆకలి, ఎప్పుడూ బరువు తగ్గని మీ వదినకు వేసే ఆకలి ఒకటి కావు. బ్రిటన్‌లో టైప్-2 మధుమేహులపై చేసిన 'డైరెక్ట్' అనే అధ్యయనం ఫలితాలు 2017లో వచ్చాయి. తక్కువ క్యాలరీల ఆహారంతో బరువు తగ్గించే కార్యక్రమంలో చేరినవారిలో 46 శాతం మంది ఏడాది తర్వాత మందులు లేకుండానే మధుమేహం లేని స్థాయికి వచ్చారు. అందరూ ఈ అంకె గురించే చెబుతారు కానీ నాకు అంతకంటే ముఖ్యంగా తోచేది మరొకటి: తగ్గిన బరువు రెండు కిలోలకు మించి మళ్లీ పెరిగితే ఏం చేయాలో, నాలుగు కిలోలకు మించితే ఏం చేయాలో ఆ వైద్యులు ముందే నిర్ణయించి పెట్టుకున్నారు. అంటే బరువు తిరిగి పెరగడాన్ని వాళ్లు రోగి వైఫల్యంగా కాక, చికిత్సలో రాబోయే ఒక మలుపుగా లెక్కవేసుకున్నారు. అయితే ఆ ఆహారాన్ని చూసి ఇంట్లో సొంతంగా ప్రయత్నించకండి. అందులో చేరినవారికి మధుమేహం మందులను మొదటి రోజే వైద్యులు ఆపించి, దగ్గరుండి గమనించారు.

పరీక్ష మానేయడం గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది చేసే పని ఇదే. పండగకు నాలుగు అరిసెలు తిన్నాక "ఎలాగూ తప్పింది, ఇక చూసుకోవడం ఎందుకు" అన్న ఆలోచన వస్తుంది. అక్కడి నుంచి పరీక్ష ఆగుతుంది, తర్వాత నడక ఆగుతుంది, వైద్యుడు మందలిస్తారన్న భయంతో ఆస్పత్రికి వెళ్లడమూ ఆగుతుంది. అరిసెల వల్ల జరిగిన నష్టం ఒకటి రెండు రోజులది, చూసుకోవడం మానేయడం వల్ల జరిగే నష్టం నెలలది. మీరు ఆరు వారాలు కాకముందే లేఖ రాశారు. రెండేళ్ల తర్వాత కాలి పుండుతో మొదటిసారి తిరిగి వచ్చేవారిని మేము చూస్తుంటాం. అందుకని రేపు పరగడుపున ఒకసారి, మధ్యాహ్న భోజనం మొదలుపెట్టిన రెండు గంటలకు ఒకసారి, రాత్రి పడుకునే ముందు ఒకసారి పరీక్షించి పుస్తకంలో రాసుకోండి. ఎంత వచ్చినా సరే, రాయండి. మీ వయసులో చాలామందికి పరగడుపున 80 నుంచి 130, తిన్న తర్వాత 180 లోపు ఉండటం లక్ష్యం కానీ మొదటి వారంలో ఆ గీత దగ్గరకు రాలేదని కంగారుపడవలసిన పని లేదు. ఆ అంకెలు మీకు వేసే మార్కులు కావు, మందు మోతాదు నిర్ణయించడానికి మీ వైద్యుడికి కావలసిన ఆధారం.

భోజనం విషయానికి వస్తే, కొత్త నియమాలేవీ పెట్టుకోకండి. 78 నుంచి 71.5కి మిమ్మల్ని తెచ్చిన పద్ధతి మీకే తెలుసు, దానికే తిరిగి వెళ్లండి, అది కూడా సోమవారం నుంచో అమావాస్య వెళ్లాకో అని కాకుండా, వచ్చే పూట నుంచే. దానికి రెండు మార్పులు జోడించండి చాలు. అన్నం కలుపుకోవడానికి ముందే ఒక కప్పు కూర, పప్పు గాని గుడ్డు గాని చేప గాని తినండి. ఈ వరుసలో తింటే తర్వాత తినే అన్నం వల్ల చక్కెర అంత ఎత్తుకు లేవదు. భోజనం అయ్యాక పది పదిహేను నిమిషాలు నడవండి, అది మీ ఇంటి డాబా మీదైనా సరే. ఇక కొర్రలు, అరికెలు తింటే ఎంత తిన్నా ఫర్వాలేదన్న నమ్మకంతో గిన్నెడు తినేవారు ఎక్కువయ్యారు. వాటిలో పీచు ఎక్కువే కానీ పిండిపదార్థం కూడా బాగానే ఉంటుంది, కనుక కొలత బియ్యానికి ఎలాగో వాటికీ అలాగే. సకినాల్లో తీపి లేదు కదా అని మీరు వాటిని లెక్కలోకి తీసుకుని ఉండరేమో. బియ్యప్పిండి, నువ్వులు కలిపి నూనెలో వేయించిన వంట అది. డబ్బా పక్కన పెట్టుకుని టీవీ చూస్తూ తింటే ఎన్ని తిన్నామో తెలియదు. రెండు పళ్లెంలో పెట్టుకుని డబ్బా మూసి లోపల పెట్టడం, మిగిలినవి పండగ మర్నాడే పంచేయడం, ఈ రెండూ మనోనిబ్బరం కంటే ఎక్కువ పనిచేస్తాయి.

త్వరలో ఉగాది వస్తుంది, అప్పుడు బక్షాలు తప్పవు. తిననని ఒట్టు పెట్టుకోకండి. ఒక బక్షం తింటానని, ఆ పూట అన్నం అంతమేరకు తగ్గిస్తానని, సాయంత్రం నడుస్తానని ఇప్పుడే అనుకోండి. ఇంట్లో వడ్డించేవారికి కూడా ముందురోజే చెప్పండి, ఎందుకంటే "ఒక్కటే కదా, పండగపూట కాదనకు" అన్న మాటకు ఆ క్షణంలో జవాబు చెప్పడం ఎవరికైనా కష్టమే. ప్రేమతో పెట్టేవారిని నొప్పించకుండా ఉండటం కోసమే తినేశామని చెప్పే మహిళలు నా దగ్గరకు ఎంతోమంది వస్తారు. అందరికీ వండి, వడ్డించి, చివర్లో మిగిలినవన్నీ తానే పూర్తి చేసే అలవాటు కూడా మీకు ఉంటే, అందరితో పాటు కూర్చుని తినడం మొదలుపెట్టండి. అది మీ చికిత్సలో భాగమని ఇంట్లోవాళ్లు గుర్తించాలి.

నెలకు కిలో, కిలోన్నర చొప్పున తగ్గితే మీకు చాలు. అంతకంటే వేగంగా తగ్గించాలని చూస్తే మళ్లీ ఆకలే గెలుస్తుంది. తూకం వారానికి ఒక రోజు, ఒకే వేళకు చూసుకోండి. మందు సరిచేసి, భోజనం వేళకు తింటున్న మూడు నెలలకు హెచ్‌బీఏ1సీ చేయించండి. కిడ్నీ పరీక్ష, కళ్ల పరీక్ష చేయించి ఏడాది దాటితే వాటినీ ఇప్పుడే పూర్తి చేసుకోండి. షుగర్ వరుసగా 300 దాటుతున్నా, విపరీతమైన దాహం, మాటిమాటికీ మూత్రం, వాంతులు ఉన్నా, కాలికి మానని గాయం ఉన్నా అపాయింట్‌మెంట్ కోసం ఎదురుచూడకుండా వెళ్లండి.

"ఇక నావల్ల కాదేమో" అన్నంత నిస్పృహ మీ లేఖంతటా కనిపిస్తోంది. ఏళ్ల తరబడి మందులు, పథ్యం, పరీక్షల మధ్య బతికేవారికి ఈ అలసట రావడం సహజమే, వైద్యశాస్త్రం దీన్ని ప్రత్యేకంగా గుర్తించింది కూడా. అయితే మందు సరిచేశాక, వేళకు తింటున్నాక కూడా ఎవరూ చూడకుండా కడుపు నొప్పి వచ్చేంత తినడం, ఆపైన కుమిలిపోవడం వారానికి ఒకసారైనా జరుగుతుంటే, లేదా రెండు వారాలకు పైగా ఏ పని మీదా మనసు లేక నిద్ర పట్టకపోతుంటే, మానసిక వైద్యుణ్ని కలవండి. దానికి మంచి చికిత్స ఉంది. షుగర్ వైద్యుడి దగ్గరకు వెళ్లినప్పుడే ఈ విషయం కూడా చెబితే, ఎవరిని కలవాలో ఆయనే సూచిస్తారు.