నీ పరిశోధన వివరణ చదివాక

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

అసిస్టెంట్ ప్రొఫెసర్ ఉద్యోగం కోసం నీవు రాసుకున్న పరిశోధన వివరణను రెండుసార్లు చదివాను. పని మంచిదే కానీ, రాసిన తీరు ఆ పనిని కనబడనివ్వడం లేదు. మొదటి పేజీ నిండా పేపర్ల సంఖ్య, సైటేషన్లు (ఇతరులు ఎన్నిసార్లు ఉటంకించారన్న లెక్క), జర్నళ్ల ఇంపాక్ట్ ఫ్యాక్టర్లు (ఆ లెక్కతో జర్నల్‌కు కట్టే విలువ) పేర్చావు. ఎంపిక కమిటీల్లో కూర్చున్న రోజుల్లో నేను ఆ అంకెలను దాటేసి, అభ్యర్థి ఏ ప్రశ్న వెంట పడ్డాడు, ఒక పని నుంచి మరో పనికి ఎందుకు వెళ్లాడు అని వెతికేవాడిని. నీ కాగితంలో అది నాలుగో పేజీలో గానీ దొరకలేదు.

భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి పనిని వరుసగా పెట్టి చూడు. 1925లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి ఆయన ప్రచురించినది మందు కాదు, ఫాస్ఫరస్‌ను రంగు ద్వారా కొలిచే పద్ధతి. కండరపు సారంలో ఆ రంగు రావలసిన వేగంతో రాకపోవడాన్ని లోపమని కొట్టిపారేయకుండా వెంటాడినందువల్లనే కండరంలో శక్తిని నిలవచేసే ఫాస్ఫోక్రియాటిన్ బయటపడింది. ఆ దారిలోనే 1929లో కణాలకు శక్తినందించే అణువు ఏటీపీ దొరికింది (అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్‌కు కూడా విడిగా దొరికింది). తరువాత లెడర్లే అనే అమెరికా మందుల కంపెనీలో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లం అనే విటమిన్‌ను కృత్రిమంగా తయారుచేసింది. దాన్ని పోలి దానికే అడ్డుపడే అమినాప్టెరిన్‌ను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు లుకేమియా (రక్తక్యాన్సర్) ఉన్న పిల్లలకు ఇచ్చి, ఆ ఫలితాలను 1948లో ప్రచురించాడు. ఏ మెట్టు నుంచి ఏ మెట్టుకు అడుగు పడిందో ఇలా చెబితే ఇంపాక్ట్ ఫ్యాక్టర్ అడిగేవాడుండడు. అయితే ఇద్దరి పేర్లతో వచ్చిన పేపరు ఎవరి చేతి పని ఎంతో చెప్పదు కనుక, ప్రతి పేపరు కింద నీవు స్వయంగా చేసినదేమిటో ఒక్క వాక్యంలో రాయి. కణాలను పెంచింది నీ జూనియర్ అయితే ఆ మాట కూడా రాయి.

ఇప్పుడు నన్ను నిజంగా కలవరపెట్టిన వాక్యం. నీ అణువు ఆ కైనేజ్‌ను (ఏటీపీ నుంచి ఫాస్ఫేట్‌ను తీసి మరో అణువుకు తగిలించే ఎంజైమ్‌ను) ఆపి కణాల పెరుగుదలను అడ్డుకుంటోందని, ఐసీ50 (ఎంజైమ్ పనిని సగానికి తగ్గించే గాఢత) ఎనిమిది నానోమోలార్ అని రాశావు. ఆ పరీక్షలో ఏటీపీ ఎంత వాడావు? పది మైక్రోమోలార్. కణం లోపల అది మిల్లీమోలార్ స్థాయిలో, అంటే వందరెట్లకు పైగా ఎక్కువగా ఉంటుంది. ఏటీపీ కూర్చునే చోటు కోసమే పోటీపడే అణువుకు ఆ గుంపులో అంత బలం మిగలదు. కాబట్టి ఐసీ50 పక్కనే ఏటీపీ గాఢతను, కణాల్లో సరిపోయిన మోతాదును రాయాలి. రెంటి మధ్య వంద రెట్ల తేడా ఉంటే దాచకుండా కారణం చెప్పాలి.

ఒక కైనేజ్ ఆగడమే ఫలితానికి కారణమని తొందరపడి తేల్చే ఈ తప్పు నాకు తెలియనిది కాదు. ఒకప్పుడు నేను పీకేఏ అనే కైనేజ్‌ను ఆపుతుందని పేరున్న హెచ్-89 అనే రసాయనం వేయగానే కణంలో ఒక సంకేతం ఆగిపోవడం చూసి, అది పీకేఏ దారేనని పేపర్లో తేల్చేశాను. 2000లో స్కాట్లండ్‌లోని డండీలో ఫిలిప్ కోహెన్ బృందం 28 నిరోధకాలను 24 కైనేజ్‌ల మీద పరీక్షించి, హెచ్-89 ఎంఎస్‌కే1, ఎస్6కే1 వంటి వేరే కైనేజ్‌లనూ దాదాపు అదే బలంతో ఆపుతుందని చూపింది. నా తీర్మానం తప్పని అది రుజువు చేయలేదు, కానీ దాని కింద నేల మిగలలేదు.

గట్టి నేల ఎలా ఉంటుందో ఒక రకం రక్తక్యాన్సర్‌కు వాడే ఇమాటినిబ్ మందు చరిత్రలో ఉంది. మందుకు లొంగకుండా పోయిన రోగుల్లో, ఆ మందు ఆపాల్సిన కైనేజ్‌కు మూలమైన బీసీఆర్-ఏబీఎల్ జన్యువులోనే టీ315ఐ అనే ఒక్క అమైనో ఆమ్లం మార్పు ఉందని 2001లో చార్లెస్ సాయర్స్ బృందం చూపినప్పుడు, మందు దెబ్బ ఎక్కడ తగులుతోందో రోగుల శరీరాలే సాక్ష్యం చెప్పినట్లయింది. నీవు అంత దూరం పోనక్కర లేదు. మందుకు లొంగని మార్పు ఉన్న కైనేజ్‌ను కణాల్లో పెట్టి, పెరుగుదల తిరిగి వస్తుందేమో చూస్తే చాలు. ఆ ప్రయోగం చేసే వరకు ‘ఆపి’ అనే మాట తీసేసి, ‘ఆ కైనేజ్ ద్వారా కావచ్చు’ అని రాయి.

భవిష్యత్ ప్రణాళికకు ఒకటిన్నర పేజీ చాలు.

కొత్త ప్రతితో పాటు నాలుగో బొమ్మకు సంబంధించిన అసలు బ్లాట్‌ను (ప్రోటీన్లను బరువును బట్టి విడదీసి గీతలుగా చూపే చిత్రాన్ని) అంచులు కత్తిరించకుండా పంపు. ఫాస్ఫేట్ తగిలిన ప్రోటీన్‌ను గుర్తుపట్టే ఆ ఫాస్ఫో యాంటీబాడీ చూపిన గీత నీవు అనుకున్న ప్రోటీన్ బరువు దగ్గరే ఉందో లేదో నాకు అనుమానంగా ఉంది.

మీ మాస్టారు