నయాగరా గట్టు మీద నడక, పాత కాలువల పక్కన

ప్రశ్న: మా అబ్బాయి కెనడాలోని సెయింట్ కాథరిన్స్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. అక్టోబరులో మేమిద్దరం వాడి దగ్గరకు వెళ్తున్నాము. వాడి నడక బృందం గట్టు అంచున, పాత కాలువల మీదుగా ఒక పూటంతా నడుస్తుందట, మమ్మల్నీ రమ్మంటున్నాడు. నాకు అరవై దాటాయి, మోకాళ్లు అప్పుడప్పుడు పట్టేస్తాయి, అయినా ఇంద్రకీలాద్రి మెట్లు నిదానంగా ఎక్కగలను. వెళ్లవచ్చా? బెజవాడలో పుట్టి పెరిగినదానికి కాలువల్లో కొత్తగా చూడవలసింది ఏముంటుంది?
— ఒక పాఠకురాలు, పటమట, విజయవాడ

జవాబు: వెళ్లవచ్చునమ్మా, అయితే మెట్లెక్కగలనన్న ధీమా ఒక్కటే చాలదు. మెట్లు సమంగా ఉంటాయి, చూడకుండానే కాలు పడుతుంది. అక్కడి బాట మీద చెట్ల వేర్లు, పగిలిన రాళ్లు, అక్టోబరులో వాటిని కప్పేసే తడి ఆకులు ఉంటాయి. ఎక్కేటప్పుడు ఆయాసం వస్తుందే కాని, మోకాళ్లకు అసలు పరీక్ష దిగేటప్పుడే. అందుచేత జారని అడుగున్న బూట్లు, చేతికర్రలు రెండూ తప్పనిసరి అనుకోండి. ఎంత దూరం, ఎన్ని ఎక్కుదిగుళ్లు అన్నది బృందం నాయకుడిని ముందే అడిగి, మధ్యలో విరమించుకోవడానికి రోడ్డు ఎక్కడ తగులుతుందో కూడా తెలుసుకోండి.

ఆ గట్టు మన కొండల వంటిది కాదు. పైన చదునుగా ఉండి, ఒక పక్క నిలువుగా తెగినట్టుంటుంది. పైపొర గట్టి డోలమైట్ రాయి, కింద మెత్తటి షేల్ పొరలు. కిందిది ముందు అరిగిపోవడంతో ఆధారం లేని పైరాయి విరిగి పడుతుంది. నయాగరా జలపాతం దూకేది కూడా ఈ గట్టు మీదినుంచే. ఈరీ సరస్సు నుంచి ఒంటారియో సరస్సుకు నీరు దాదాపు 100 మీటర్లు దిగాలి. నీరు దూకగలదు కాని ఓడ దూకలేదు కాబట్టే జలపాతాన్ని తప్పించి, మెట్టుమెట్టుగా ఓడను ఎక్కించడానికీ దించడానికీ వెల్లండ్ కాలువ తవ్వారు.

బందరు లాకులు, ఏలూరు లాకులు ఎరిగిన మీకు ఆ పని తీరు వేరే చెప్పనక్కర లేదు. రెండు తలుపుల మధ్య గదిలోకి పడవ వచ్చాక కింద తలుపు మూసి, పైనుంచి నీరు వదిలితే పడవ తానే లేస్తుంది. 1855లో కృష్ణకు ఆనకట్ట పూర్తయిన తరువాత మన కాలువలు పొలాలకు నీరిస్తూనే పడవలను కూడా మోశాయి, డెల్టా వాలు స్వల్పం కనుక మన లాకులు సర్దేది కొద్ది అడుగుల తేడానే. అక్కడ నేడు ఈరీ సరస్సు వైపు చివరి లాకు తప్ప ఒక్కొక్కటీ ఓడను సుమారు 14 మీటర్లు లేపుతుంది. అంత పనికీ నీటిని తోడే పంపులు లేవు, ఎగువ నీరు తన బరువుతో తానే దిగుతుంది.

ప్రశ్న: ఆ కాలువను ఒకసారి కాదు, నాలుగుసార్లు తవ్వారని చదివాను. పాతవి ఇంకా కనిపిస్తాయా?
— ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: నిజమే. 1829లో ప్రారంభమైన మొదటి కాలువకు 40 లాకులు, అన్నీ చెక్కవి. చెక్క కుళ్లింది, ఓడలు పెరిగాయి. 1845 నాటి రెండవ కాలువలో రాతితో కట్టిన 27, 1887 నాటి మూడవదానిలో 26, 1932లో పూర్తయిన నేటి కాలువలో 8 మాత్రమే ఉన్నాయి. ఓడలు పెద్దవైన కొద్దీ లాకుల సంఖ్య తగ్గుతూ వచ్చింది. నాకు ఈ వరుసలో ఆసక్తి కలిగించేది ఇదే. సెయింట్ కాథరిన్స్‌లోని మౌంటెన్ లాక్స్ పార్కులో రెండవ కాలువ రాతిగోడలు ఇప్పటికీ నిలిచి ఉన్నాయి. చెక్కిన రాళ్ల వరుసలను దగ్గరగా చూడండి, ఆనాటి లాకు ఎంత ఇరుకో తెలుస్తుంది. పక్కనే ఉన్న థరాల్డ్‌లో నేటి కాలువ 4, 5, 6 లాకులు మెట్లలా ఒకదాని పైన ఒకటి, ఎక్కే ఓడకూ దిగే ఓడకూ జంటగా ఉన్నాయి.

ప్రశ్న: బృందంతో నడవడానికి పాటించవలసిన నియమాలేమైనా ఉన్నాయా?
— మొదటి పాఠకురాలే

జవాబు: ఆ ప్రాంతంలో గట్టు వెంట సాగే పెద్ద బాట పేరు బ్రూస్ ట్రెయిల్. అది క్వీన్‌స్టన్ నుంచి టోబర్‌మొరీ వరకు సుమారు 900 కిలోమీటర్లు. అందులో కొంత భాగం సొంతదారుల అనుమతితో వారి భూముల మీదుగానే పోతుంది. అందుకే బాట దిగి పక్కకు నడవకూడదు, తొక్కలు, కాగితాలు పారవేయకూడదు. చెట్ల మీద తెల్ల రంగు గుర్తులు ముఖ్య బాటవి, నీలి గుర్తులు పక్క బాటలవి. ఒకదాని పైన ఒకటిగా రెండు గుర్తులుంటే మలుపు అని అర్థం. పై గుర్తు ఎటు జరిగి ఉంటే అటు తిరగాలి. ముందు నడిచే నాయకుడిని దాటిపోవద్దు, వెనక అందరినీ చూసుకుంటూ వచ్చే వ్యక్తికి చెప్పకుండా ఆగిపోవద్దు.

ఒకే కాడకు మూడు ఆకులుండి, ఆ నెలలో ఎర్రబారి అందంగా కనిపించే పాయిజన్ ఐవీని మాత్రం ముట్టుకోకండి, చర్మం బొబ్బలెక్కుతుంది. గడ్డిలో లైమ్ అనే బాక్టీరియా జబ్బును మోసే చిన్న పిడుదులు ఉంటాయి కనుక ప్యాంటు అంచులు మేజోళ్లలోకి దోపుకుని, ఇంటికి వచ్చాక మోకాలి వెనక, చెవుల వెనక చూసుకోండి. మధ్యాహ్నానికి పులిహోర కట్టుకెళ్లడం మంచిదే. ఓడ లేవడం కూడా చూడాలనుకుంటే నడక మరునాడు మూడవ లాకు దగ్గరి మ్యూజియానికి వెళ్లండి, అక్కడ నిలబడి చూసే వేదిక ఉంది. ప్రయాణం జనవరి దాటి వాయిదా పడితే మాత్రం ఆశ పెట్టుకోవద్దు, మార్చి నెలాఖరు దాకా మరమ్మతుల కోసం కాలువలో ఓడలను ఆపివేస్తారు.